అత్తగారి చేతికి అప్పగించిన కంప్యూటర్

ఆదివారం ఉదయం కాఫీ కప్పులు ఇంకా బల్ల మీద ఉండగానే తాళాల సారు కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఏ అల్మరా తాళం ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించే ఉద్యోగం ఆయనది. ఆ పేరు అక్కడివాళ్ళు పెట్టిందే. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంటారు కూడా. అలాంటి మనిషి, ఇంట్లో నలుగురూ ఒకే కంప్యూటర్ని ఒకే ఖాతాతో తలుపుల్లేని సత్రంలా వాడుకుంటుంటే ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకుంటారు?

"ఇవాళ్టి నుంచి ఎవరి ఖాతా వాళ్ళది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది," అని ప్రకటించారు.

కారణం లేకపోలేదు. మొన్న అత్తగారు కంప్యూటర్లో పేకాట ఆడుకుంటూ, అడ్డంగా ఉందని ఒక ఫైలును తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశారు. అది ఆయన భార్య గీసిన బేకరీ ప్లాను. కంపెనీ ఉద్యోగం మానేసి, సొంతంగా షాపులకు డిజైన్లు గీయడం మొదలుపెట్టాక ఆమెకు దొరికిన మొదటి పెద్ద అవకాశం. ఫైలైతే తిరిగొచ్చింది గానీ, ఆ పూట తల్లీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు.

"ఏమండీ, పదకొండింటికి బేకరీ ఆవిడ వీడియో కాల్లోకి వస్తుంది," అంది భార్య. "ప్లాను నచ్చితే పని నాకిస్తుంది. లేదంటే రేపే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అదయ్యాక పెట్టుకోండి మీ సంస్కరణలు."

"అరగంట పని. నీ కాల్ టైముకి నీకంటూ సొంత గుమ్మం ఉంటుంది, చూడు."

పని చకచకా సాగింది. మధ్యలో, అడ్మినిస్ట్రేటర్ ఎవరన్న ప్రశ్న దగ్గర ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించారు. ఫ్యాక్టరీకి ఒక చైర్మన్‌గారు ఉన్నారు. బాగా పెద్దాయన. ఏడాదికోసారి వచ్చి, ముందు వరుసలో కూర్చుని, వెళ్ళిపోతారు. పని నడిపేది మాత్రం సారు లాంటివాళ్ళు. ఇంటికి కూడా అలాంటి పెద్ద తలకాయ ఒకటి ఉంటే నిండుగా ఉంటుంది. చెత్తబుట్ట గొడవ తర్వాత అత్తగారు ముభావంగా ఉన్నారు కాబట్టి, ఒక పదవి చేతిలో పెడితే ఆ అలకా తీరుతుంది.

అంతే, అందరి ఫైళ్ళూ ఉన్న పాత ఖాతాను, దాని పెత్తనంతో సహా అత్తగారి పేరుకు మార్చేశారు. మిగతా ముగ్గురికీ మామూలు ఖాతాలు తెరిచారు. ఒక ఇంటికి ఇద్దరు పెద్దలుండకూడదన్న పట్టింపుతో తనకంటూ ఏ అధికారమూ మిగుల్చుకోలేదు.

"అత్తయ్యగారూ, ఈ కంప్యూటర్‌కి ఇక మీరే అడ్మినిస్ట్రేటర్. రండి, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. ఎవరడిగినా చెప్పకూడదు."

ఆసుపత్రిలో హెడ్ నర్సుగా మందుల బీరువాను కాపాడి రిటైరైన మనిషి ఆవిడ. ఇలాంటి మాటలు ఆవిడకు సూటిగా ఎక్కుతాయి.

"మీరడిగినా?"

"నేను కాళ్ళావేళ్ళా పడినా సరే!"

ఆవిడ పాస్‌వర్డ్ పెట్టుకుని, ఏనుగెక్కినంత సంబరంగా, వీధి చివరి హాల్లో పాటల బృందం సాధనకు వెళ్ళిపోయారు.

కాల్‌కి ఇంకా కాస్త సమయం ఉండగా భార్య తన కొత్త ఖాతా తెరిచింది. లోపల ఊడ్చి పెట్టినట్టు ఖాళీ.

"నా ప్లాను ఏది?"

"ఎక్కడికి పోతుంది? పాత ఖాతాలో భద్రంగా ఉంది." సారు దర్జాగా దాని మీద నొక్కారు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ చెప్పమంది. ఆయన తన పాస్‌వర్డ్ కొట్టారు. కుదరదంది.

కాలేజీ పుస్తకం పక్కన పెట్టి అమ్మాయి వచ్చి చూసింది. "నాన్నా, ఇది ఉత్తుత్తి పదవి కాదు. అమ్మమ్మకి ఇల్లంతా రాసిచ్చేసి మనల్ని అద్దెకి పెట్టావు."

సారు అత్తగారి పాస్‌వర్డ్ ఊహించబోయారు. మామగారి పేరు కొట్టి చూశారు. మనవరాలి పుట్టినరోజు కొట్టారు. ఆవిడ ఉద్యోగం చేసిన ఆసుపత్రి పేరు కూడా కొట్టాక, కంప్యూటర్ విసుగెత్తినట్టు కాసేపాగి రమ్మంది. ఫోన్ చేద్దామంటే, సాధనలో ఉన్నంతసేపూ అత్తగారి ఫోన్ ఆపేసి ఉంటుంది. భార్య అరవలేదు. అరిచినా ఆయనకు అంత భయం వేసేది కాదు.

"వెళ్ళండి," అంది.

సారు పరుగున వెళ్ళి హాలు కిటికీ దగ్గర నిలబడి, అత్తగారి కంట పడాలని రెండు చేతులూ ఊపారు. వెనక వరుస గాయకులు అది తాళం అనుకుని జోరు పెంచారు. ముందు వరుస పాత జోరులోనే ఉండిపోయింది. పాట రెండు ముక్కలై, ఎవరు ఎక్కడున్నారో తెలియక ఆగిపోయింది. ఇదే అదనని సారు లోపలికి దూసుకెళ్ళారు.

"అత్తయ్యగారూ, పాస్‌వర్డ్ చెప్పండి!"

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూశారు. "ఎవరడిగినా చెప్పొద్దన్నారుగా."

"అన్నాను, కానీ అడుగుతున్నది నేను..."

"మీరడిగినా చెప్పొద్దన్నారు."

"మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"అదిగో, అదీ ముందే చెప్పారు." ఆవిడ ముఖం వెలిగిపోయింది. "పరీక్ష గట్టిగానే పెట్టారు అల్లుడుగారూ. నేను పాసైనట్టేనా?"

బృందమంతా చప్పట్లు కొట్టింది. సారుకు ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యో, పరీక్ష కాదండీ! మీ అమ్మాయి ప్లాను మీ ఖాతాలో ఇరుక్కుపోయింది. బేకరీ ఆవిడ వచ్చేస్తోంది!"

"ఆ ముక్క ముందు చెప్పరేం?" అంటూ అత్తగారు అప్పటికే గుమ్మం దాటేశారు. పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు, తనే వచ్చి కొడతానన్నారు. పాట ఎలాగూ పాడైంది కనుక, ఈ కథ ఏమవుతుందో చూద్దామని బృందమంతా వెంట నడిచింది. అత్తగారి సంచీ మోస్తూ సారు వెనకబడ్డారు.

ఇంట్లో భార్య ఫోన్లో బేకరీ ఆవిడను బతిమాలుతోంది. అత్తగారు కుర్చీలో కూర్చుని, "అందరూ గోడవైపు తిరగండి," అన్నారు. గాయకులూ, అల్లుడూ, మనవరాలూ బుద్ధిగా తిరిగారు. ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాక ఖాతా తెరుచుకుంది. కాల్ కలిసింది. బేకరీ ఆవిడకు మొదట కనిపించింది వరసగా నిలబడ్డ వీపులు.

"వాళ్ళంతా ఎవరండీ?"

"మావాళ్ళేనండీ," అని భార్య ప్లాను వివరించడం మొదలుపెట్టింది. గీతల దగ్గరికి వచ్చేసరికి నిలదొక్కుకుంది.

బేకరీ ఆవిడ అంతా విని పెదవి విరిచింది. "బొమ్మ బాగుంది. కానీ మాది ఇరుకు షాపు. మూల తిరిగే కౌంటర్ పెడితే సాయంత్రం జనం ఎక్కడ నిలబడతారు? తలుపైనా తెరుచుకుంటుందా?"

పని చేజారిపోతోందని భార్యకు అర్థమైంది. కాగితం మీది కొలతలు చెబితే ఆవిడ నమ్మదు. వెనక్కి తిరిగి, గోడవైపు చూస్తున్న జనాన్ని చూసింది.

"మా హాలు కూడా మీ షాపంతే ఉంటుందండీ. ఒక్క నిమిషం చూడండి. అమ్మా, బల్ల ఇటు జరుపు. బెంచీ ఆ మూలకి. మీరంతా ఇప్పుడు కస్టమర్లు. ఏమండీ, మీరు తలుపు!"

వరసలో నిలబడటం పాటల బృందానికి కొత్తేమీ కాదు. కౌంటర్ వెంట ఒద్దికగా మలుపు తిరిగి నిలబడ్డారు. సారు తలుపు పూర్తిగా తీశారు, వేశారు, మళ్ళీ తీశారు. అది ఎవరికీ తగల్లేదు. అత్తగారు చివరన వచ్చి, బల్ల వెనకున్న మనవరాలి దగ్గర ఖాళీ పళ్ళెం కొని, బాగా కాల్చలేదని గొణిగి, ఎవరినీ రాసుకోకుండా బయటికి నడిచారు.

బేకరీ ఆవిడ పగలబడి నవ్వింది. "చాలమ్మా, చాలు! పని మీదే. రేపే మొదలుపెట్టండి."

హాలు దద్దరిల్లింది. ఉద్యోగం మానేసిన రోజు నుంచీ భార్య గుండెలో గూడు కట్టుకున్న భయం ఆ అరుపులకు ఎగిరిపోయింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల్లి వచ్చి గట్టిగా కౌగిలించుకున్నారు. ఇందాక తెగిన పాటను గాయకులు మొదటినుంచి ఎత్తుకున్నారు, ఈసారి అందరూ ఒకే జోరులో.

అందరూ వెళ్ళాక సారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "అత్తయ్యగారూ, మీకెందుకీ శ్రమ? ఆ పదవి నాకిచ్చేయండి."

"శ్రమేముంది అల్లుడుగారూ? ఇందులో ఏమేం చెయ్యొచ్చో మనవరాలు చూపిస్తోంది."

సాయంత్రానికల్లా కూతురికీ, మనవరాలికీ అడ్మినిస్ట్రేటర్ హోదా దక్కింది. తాళాల సారుకు, ప్రవర్తన చూసి పెంచుతామన్న షరతు మీద, రోజుకు గంటసేపు కంప్యూటర్ మంజూరైంది.