సభలో ఇచ్చిన కప్పు

మిడిల్ స్కూలు ముగించుకుని హైస్కూలు గడప తొక్కబోతున్న ప్రతి విద్యార్థినీ ప్రభుత్వం ఘనంగా సత్కరిస్తుందని విద్యామంత్రిగారు ప్రకటించారు. గడప దాటాక సత్కరించడం ఎవరైనా చేస్తారనీ, దాటకముందే సత్కరించడానికి గుండెధైర్యం కావాలనీ కూడా ఆయనే అన్నారు. విలేకరులు రాసుకున్నారు. మంత్రిగారి వెనక నిలబడ్డ పీఏగారు తల ఊపారు. వెనక నిలబడి తల ఊపడం ఆయన ఉద్యోగంలో సగం.

మిగతా సగం టెంపరరీ. చేరినప్పుడు టెంపరరీ, పెళ్ళినాటికి టెంపరరీ, పెద్దపిల్ల బళ్ళో చేరేనాటికీ టెంపరరీయే. "ఈ సభ ఒక్కటీ గట్టెక్కించవయ్యా, నిన్ను పర్మనెంట్ చేసే పూచీ నాది," అన్నారు మంత్రిగారు. ఆ ముక్క ఇంటికెళ్ళి చెబితే పీఏగారి భార్య పొయ్యి కట్టేసి వచ్చి మరీ విన్నది. "ఈసారైనా నోరు తెరిచి అడగండి. మీరసలే మెతక," అంది.

మెతకో గట్టో గానీ పనిలో మాత్రం పీఏగారు ఘటికుడే. ప్రతి విద్యార్థికీ అవార్డు అన్నారు కాబట్టి ప్రతి విద్యార్థిలోనూ ఒక ప్రతిభ కనిపెట్టే బాధ్యత ఆయన మీద పడింది. చదివేవాళ్ళకి చదువు సరిపోయింది. తక్కినవాళ్ళకి ఉత్తమ హాజరు, ఉత్తమ నిశ్శబ్దం, కుళాయి కట్టెయ్యడంలో విశేష కృషి, వెనకబెంచీ నిర్వహణ అని పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. చివరికి ఒక్క అవార్డూ ఒక్క పిల్లా మిగిలారు. అవార్డు పేరు ఉత్తమ విధేయత. పిల్ల పేరు బడి మొత్తానికీ లాయరమ్మ. ఏ పంతులమ్మ ఏం చెప్పినా "ఎందుకు టీచర్?" అని అడుగుతుందని అలా పిలుస్తారట. ఒకరికొకరు మిగిలిపోయారు కనుక ఇద్దర్నీ కలిపేశారు.

ఇక కప్పుల సంగతి. టెండరు ఫైలు మీద ఒక ఆఫీసరుగారు "కప్పుకు చెవి ఒకటా, రెండా?" అని రాశారు. ఆ ప్రశ్న మీద సబ్ కమిటీ వేశారు. సబ్ కమిటీ ఇంకా చెవుల దగ్గరే ఉండగా సభ తారీఖు వచ్చి నెత్తిన కూర్చుంది.

"కప్పుల్లేకుండా సత్కారమేమిటయ్యా? నవ్వుతారు," అన్నారు మంత్రిగారు.

"ఒక్కటి చాలు సార్," అన్నారు పీఏగారు. "పిల్ల ఇటు మెట్లెక్కి వస్తుంది. మీరిస్తారు. ఫొటో. అటు మెట్లు దిగి మన డ్రైవరు చేతికిచ్చేస్తుంది. డ్రైవరు స్టేజీ వెనకనుంచి తెచ్చి నాకిస్తాడు, నేను మీకిస్తాను. కప్పు తిరుగుతుంది, పిల్లలు మారతారు. అసలు కప్పులు వచ్చాక ఇంటికి పంపుదాం."

"పొదుపంటే ఇదయ్యా!" అన్నారు మంత్రిగారు.

ఆ ఒక్క కప్పూ మంత్రిగారింట్లోనే ఉంది. వాళ్ళావిడ లేడీస్ క్లబ్బులో కుర్చీలాటలో గెల్చుకున్న వెండి కప్పు. ఆ ఇంట్లో కుర్చీలాటలో గెలిచిన కప్పుకున్న గౌరవం వేరే దేనికీ లేదు. హాల్లో అద్దాల బీరువాలో నడిమధ్యన ఉంటుంది. ఆవిడ అక్కగారింటికి వెళ్ళింది, సాయంత్రానికి వస్తుంది. ఆలోగా కప్పు బీరువాలో ఉండాలి.

"లేకపోతే?" అన్నారు పీఏగారు.

"కప్పు రాకపోతే నువ్వూ రాకు," అన్నారు మంత్రిగారు. ఆయన గొప్పతనం అదే, ఏదీ నాన్చరు.

కప్పు మీద చెక్కిన అక్షరాలు కనబడకుండా ఎర్ర రిబ్బను చుట్టారు. పిల్లలకి డ్రిల్లు మాస్టారు ముందురోజే రిహార్సల్ వేయించాడు. "ఎక్కు, వంగు, పట్టుకో, నవ్వు, దిగు, ఇచ్చెయ్!" అని ఈల వేస్తుంటే పిల్లలు ఖాళీ చేతులతో చక్కగా చేశారు.

సభ అద్భుతంగా మొదలైంది. ముందు మంత్రిగారి ప్రసంగం. రాసిచ్చిన ప్రసంగం పీఏగారిదే, అందులో ప్రమాదమేమీ లేదు. కానీ చప్పట్లు జోరుగా పడేసరికి మంత్రిగారు కాగితం మడిచి జేబులో పెట్టేశారు. కాగితం జేబులోకి వెళ్ళగానే పీఏగారి ప్రాణం గొంతులోకి వచ్చింది.

"ఈ కప్పు మీది!" అన్నారు మంత్రిగారు కప్పు పైకెత్తి. "మీ కష్టం మీది! దీన్ని మీ దగ్గర్నుంచి ఎవ్వరూ తీసుకోలేరు! ఎవరు అడిగినా, ఎంతటివాడు అడిగినా, ఇవ్వకండి! మంత్రిగారు ఇవ్వద్దన్నారని చెప్పండి!"

హాలు దద్దరిల్లింది. పిల్లలు మాత్రం రిహార్సల్ పక్కాగా చేసినవాళ్ళు కాబట్టి మాటలకి లొంగలేదు. ఎక్కారు, వంగారు, పట్టుకున్నారు, నవ్వారు, దిగారు, ఇచ్చేశారు. డ్రైవరు చెమటలు కక్కుకుంటూ స్టేజీ చుట్టూ తిరిగాడు. సగానికి పైగా సత్కారం సాఫీగా అయింది.

అప్పుడు ఉత్తమ విధేయతను పిలిచారు. లాయరమ్మ ఎక్కింది, వంగింది, పట్టుకుంది, నవ్వింది, దిగింది. డ్రైవరు చెయ్యి చాపాడు. లాయరమ్మ ఆ చెయ్యి వంకా, స్టేజీ మీది మంత్రిగారి వంకా చూసి, కప్పు గుండెకి హత్తుకుని, తిన్నగా గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

"పరిగెత్తి పట్టుకోనా సార్?" అని గుసగుసలాడాడు డ్రైవరు.

"కెమెరాలున్నాయిరా బాబూ!" అన్నారు పీఏగారు.

ఇక్కడే మంత్రిగారి సమయస్ఫూర్తిని మెచ్చుకోవాలి. తర్వాతి పిల్లవాడికి ఆయన ఉత్త చేతులు చాపారు. వాడు ఉత్త చేతులతో అందుకుని, నవ్వి, దిగి, లేని కప్పును డ్రైవరుకి జాగ్రత్తగా అప్పగించాడు. "కప్పు తర్వాత కంప్యూటర్లో పెట్టేస్తాను, చేతులు మాత్రం కాస్త ఎడంగా పెట్టండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. చివరిదాకా అలాగే నడిచింది. తల్లిదండ్రులు కూడా చప్పట్లు ఆపలేదు.

పీఏగారు లాయరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి ముందుగదే వాళ్ళ నాన్న క్షవరాల షాపు. కప్పు అద్దం ముందు, దువ్వెనల పక్కన ఉంది. అద్దంలోదాన్ని కలుపుకుంటే రెండు కప్పులు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ పని మరిచిపోయి దాన్నే చూస్తున్నారు.

"రండి సార్, కూర్చోండి," అంటూ వాళ్ళ నాన్న పీఏగారిని కుర్చీలో కూలేసి, మెడకి గుడ్డ కట్టి, నోరు తెరిచేలోపు గడ్డానికి నురగ పట్టించేశాడు. "మా అమ్మాయి కప్పు సార్. మంత్రిగారు స్వయంగా ఇచ్చారు. మా వంశంలో ఇప్పటిదాకా ఎవరికీ గ్లాసు కూడా రాలేదు."

"ఆ విషయమే మాట్లాడదామని... నేను మంత్రిగారి పీఏని," అన్నారు ఆయన నురగలోంచి.

లాయరమ్మ లోపల్నుంచి వచ్చి కప్పు పక్కన నిలబడింది.

"తల్లీ, అది ఫొటో కోసం ఇచ్చిందమ్మా. అందరూ తిరిగి ఇచ్చేశారుగా. నీకు కొత్తది వస్తుంది."

"ఎవరు అడిగినా ఇవ్వద్దని మంత్రిగారు చెప్పారండీ."

"ఎవరు అడిగినా అంటే, నేను కాదమ్మా."

"మరెవరండీ?"

పీఏగారు ఆలోచించారు. నిజమే, మరెవరు?

"చూడమ్మా, అది సభలో అనే మాట. ఊపులో అంటారు."

"అంటే అబద్ధమా అంకుల్?"

బెంచీ మీదివాళ్ళు ముందుకి వంగారు. రోడ్ల శాఖలో పనిచేసే ఒక గుమాస్తా పేపరు పక్కన పడేశాడు. వాళ్ళ నాన్న కత్తి గాల్లోనే ఆపాడు. గొంతు దగ్గర కత్తి ఉండగా మంత్రిగారిని అబద్ధాలకోరు అనడం టెంపరరీ ఉద్యోగి చెయ్యదగ్గ పని కాదు.

"అబద్ధం కాదు," అన్నారు పీఏగారు.

"అయితే ఇవ్వను. నాది విధేయత అవార్డు కదా. మంత్రిగారి మాట వినకపోతే ఎలా?"

"అమ్మలూ, పెద్దాయన పాపం..." అన్నాడు నాన్న.

"పోనీ నాన్నా, మంత్రిగారి మాట వినక్కర్లేదని ఈయన రాసివ్వమను. ఇచ్చేస్తాను."

పీఏగారు నురగతోనే వీధిలోకి వచ్చి మంత్రిగారికి ఫోను చేశారు. అవతల మంత్రిగారు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "ఆవిడ బయల్దేరిందటయ్యా! ఏం రాస్తావో రాయి, ఎవడు చదవొచ్చాడు? కప్పు పట్టుకురా!"

పీఏగారి జేబులో కలం, రబ్బరు స్టాంపు ఎప్పుడూ ఉంటాయి. ఆయన దగ్గర పర్మనెంటుగా ఉన్నవి ఆ రెండే. ఆఫీసు కాగితం తీసి, ఇన్నేళ్ళ అనుభవాన్ని కూడగట్టుకుని రాశారు: "మంత్రిగారు సభలలో సెలవిచ్చు మాటలు ఆయా సభల వరకే వర్తించును. సభ ముగిసిన పిదప వాటిపై ఎవరూ ఆధారపడనవసరం లేదు." కింద సంతకం, స్టాంపు.

లాయరమ్మ రెండుసార్లు చదివింది. కప్పు తీసి ఇచ్చేసింది. ఇచ్చాక మాత్రం కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. "నా పేరు పిలిచినప్పుడు చాలా సంతోషమేసింది అంకుల్," అంది. పీఏగారికీ ఆ ఈడు కూతురుంది. కానీ అవతల ఆవిడ బయల్దేరింది. సగం గీసిన గడ్డంతో పరుగెత్తారు. కప్పు బీరువాలో పెట్టి తలుపు వేశారో లేదో, వాకిట్లో కారు ఆగింది.

కాగితం సంగతి ఆయన మరిచిపోయారు. వాళ్ళ నాన్న మరవలేదు. కప్పు పోయిన చోటు బోసిగా ఉందని ఆ కాగితాన్ని అద్దానికి అంటించాడు. మర్నాడే రోడ్ల శాఖ గుమాస్తా వచ్చి దాన్ని కాపీ రాసుకుని తమ ఆఫీసరుకి చూపించాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచాడట. సభల్లో మంత్రులు వేసేసిన రోడ్లకి జవాబు చెప్పలేక ఎన్నాళ్ళుగానో నలిగిపోతున్న మనిషి. నీళ్ళ శాఖ ఒక కాపీ అడిగింది. పింఛన్ల శాఖ బోలెడు కాపీలు అడిగింది. వారం తిరిగేసరికి అది నంబరు పడ్డ సర్క్యులరై అన్ని ఆఫీసులకీ చేరింది. కౌంటర్ల దగ్గర గొడవలు సద్దుమణిగాయి. జనం చదువుకుని, ఓహో అని, ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు.

మంత్రిగారి నుంచి పిలుపు రాగానే పీఏగారు భార్యతో చెప్పారు, "నా పని అయిపోయిందే."

అక్కడికెళితే మంత్రిగారు ఎదురొచ్చి కౌగిలించుకున్నారు. "ఇన్నేళ్ళ పరిపాలనలో ఇంత స్పష్టమైన ముక్క ఎవడూ రాయలేదయ్యా! కేబినెట్ మొత్తం నీ గురించే! ఈ గదిలో కాదు, పదిమందిలో చెప్పాలి ఇది."

పదిమందిలోనే చెప్పారు. అదే హాలు. పీఏగారి భార్యాపిల్లలకి ముందువరసలో కుర్చీలు వేశారు. "ఈ నిజాయితీపరుణ్ణి," అంటూ మంత్రిగారు పీఏగారి చెయ్యి పట్టుకుని పైకెత్తారు, "ఈ క్షణం నుంచి పర్మనెంట్ చేస్తున్నాను!" చప్పట్లు ఎంతకీ ఆగలేదు. పీఏగారి భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది.

మర్నాడు పొద్దున్నే పీఏగారు నీటుగా తయారై ఉద్యోగుల సెక్షన్ కి వెళ్ళారు. అక్కడి గుమాస్తా లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"నా పర్మనెంట్ ఆర్డరు కోసం వచ్చానయ్యా. మంత్రిగారు నిన్న చెప్పారు, వినే ఉంటావు."

"పేపర్లో చూశాను సార్, చాలా సంతోషం. ఎక్కడ చెప్పారు సార్, ఆఫీసులోనా, సభలోనా?"

"సభలోనే," అన్నారు పీఏగారు. గుమాస్తా సొరుగులోంచి సర్క్యులరు తీసి, ఆయన వైపు తిప్పి, మర్యాదగా ముందుకి జరిపాడు.

"కింద సంతకం తమదే కదండీ?"

"నాదే."

"చాలా బాగా రాశారు సార్," అన్నాడు గుమాస్తా.