గట్టు మీది సోఫా

“ఆడంబరమనేది జాతిని పట్టిన అంటురోగం! దానికి మందు ఆస్పత్రిలో లేదు, పాటలో ఉండాది!”

కెంచనగుడ్డ పంచాయతీ మెట్ల మీద నిలబడి సుబ్బరామిరెడ్డి ఈ మహావాక్యం పలికాడు. మొదట చప్పట్లు కొట్టినవాడు పంచాయతీ గుమాస్తా సుంకన్న. కొట్టడమే కాదు, కొట్టిన సంగతి పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ‘ఆడంబర నిర్మూలన సంఘము నేటి నుండి ఏర్పాటైనది. అధ్యక్షులు శ్రీ సుబ్బరామిరెడ్డిగారు. సభ్యుల పేర్లు తదుపరి తెలియపరచబడును.’

ఇంత గొప్ప సంఘం పుట్టడానికి కారణం ఒక రేడియో. తుంగభద్ర కాలువ వచ్చాక రెండు పంటలు పండి, ఊళ్ళో రెడ్ల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. సుబ్బరామికి పెదనాన్న కొడుకు కోదండరామి బళ్ళారి కంటోన్మెంటుకు పోయి బ్యాటరీ రేడియో తెచ్చి, అరుగు మీద పెట్టి, ఊరు ఊరంతా వినేటట్టు మోగించాడు. వారం తిరక్కుండానే మడిలో నాట్లేసే ఆడవాళ్ళు దాని మీద పాట కట్టారు. కట్టింది దుర్గక్క. వంచిన నడుము ఎత్తకుండా ఆమె ఒక మాట అంటే, వెనక పదిహేనుమంది అందుకుంటారు.

“రేడియో తెచ్చినాడు కోదండరామి, ఓ రామా!
ఊరోళ్ళ చెవులన్ని పెట్టెలో పెట్టె, ఓ రామా!
పాడావు బెదిరింది, పాలెగ్గొట్టింది, ఓ రామా!
పెండ్లాము పిలిచినా వినపడదాయె, ఓ రామా!”

సుబ్బరామి కడుపుబ్బ నవ్వాడు. నవ్వడా మరి! వచ్చే నెల పంచాయతీ ఎన్నికలో అతని వార్డులో ఎదురు నిలబడింది ఆ కోదండరామే! ‘ఇంగ మా అన్న పని అయిపాయె’ అనుకుని, సంఘం పేరు మీద ఆ పాట అచ్చు వేయించి సిరుగుప్ప సంతలో చేతికి దొరికిన వాడికల్లా పంచాడు.

పంచాక తెలిసింది అసలు సంగతి. పాట సంతలోంచి బస్సెక్కింది. కండక్టర్లు పాడారు, గానుగల దగ్గర పాడారు. తాలూకాఫీసుకు అన్నదమ్ములిద్దరూ కలిసే వెళితే, అక్కడి గుమాస్తా లేచి నిలబడి, “రేడియో కోదండరామిరెడ్డిగారంటే మీరేనా సార్! దయచేసి ఆసీనులు కావాలి” అని కుర్చీ వేశాడు. రెండో కుర్చీ వేయలేదు. సుబ్బరామి గంటసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇంటికొస్తే పెళ్ళాం సుభద్రమ్మ కాచుకుని ఉంది.

“ఏమప్పా, సజ్జరొట్టెలమ్మే బసవ్వ కూడా వాళ్ళింటి పాటే పాడతాండాది! మనింట్లో గోడగడియారం ఉండాది, పింగాణీ కప్పులుండాయి. ఒక్కదాన్నన్నా ఎగతాళి చేసినోళ్ళు ఉండారా ఈ ఊర్లో? మనకు ఇదేనా మర్యాద?”

సుబ్బరామికి ఆ రోజు అన్నం సయించలేదు. ఓటు వేసేవాడి నోట్లో ఏ పేరు ఆడుతుందో చెయ్యి ఆ గుర్తు మీదికే పోతుంది. ఊరందరి నోట్లో ఉన్నది కోదండరామి పేరు. దాన్ని అచ్చు వేయించి మరీ పెట్టినవాడు తనే!

తెల్లారి దుర్గక్క గుడిసెకు పోయాడు.

“దుర్గక్కా, నా మీద ఒక పాట కట్టల్ల.”

“ఏమని కట్టల్ల రెడ్డీ?”

“తిట్టు. మొహమాటపడొద్దు. గడియారం కొన్నాడు, గర్వం తలకెక్కింది అని బాగా తిట్టు.”

“మీ గడియారం నిలిచిపోయి రెండేండ్లాయె కదప్పా! దాన్నేం తిట్టేది? పాటంటే అడిగితే వచ్చేది కాదు. వస్తువు కంట్లో పడల్ల, కడుపు మండల్ల, అప్పుడొస్తాది.”

కంట్లో పడాలా! అంతే కదా! సుబ్బరామి కంటోన్మెంటుకు పోయి ముగ్గురు కూర్చునే సోఫా బేరం చేశాడు. ఆకుపచ్చ రెక్సిను, లోపల స్ప్రింగులు. ఆడంబర నిర్మూలన సంఘ అధ్యక్షుడు సోఫా కొనవచ్చునా అని సుంకన్న నసిగితే, “రోగమేందో తెలియకుంటే మందెట్ల ఇస్తామప్పా!” అన్నాడు. బండిని ఇంటికి పోనివ్వలేదు. “పాలిష్ ఆరల్ల” అని నేరుగా తన మడికి తోలించి, నాట్లు పడుతున్న చోట గట్టు మీద దింపించాడు. పాట రాసుకోవడానికి సుంకన్నను పక్కనే నిలబెట్టాడు.

ఆ ఊళ్ళో నాట్ల నాడు ఒక ఆచారం ఉంది. రైతు గట్టెక్కితే ఆడవాళ్ళు నారుకట్ట అడ్డం పట్టి అతని పేరున పాడతారు. ఇది ఇచ్చినాడు అని పాటలో వస్తే ఇచ్చి తీరాల్సిందే. ఇవ్వకపోతే ఆ మడి గింజ పట్టక తాలు పోతుందని భయం. సుబ్బరామికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఏటా బెల్లం, కొబ్బరి దగ్గరే తేలిపోయేది కనుక ఆ ఆచారం సంగతి అతనికి గుర్తుకే రాలేదు.

దుర్గక్క నడుమెత్తి సోఫాను చూసింది. చెయ్యి తుడుచుకుని ఒకసారి నొక్కి చూసింది. తర్వాత నారుకట్ట అడ్డం పట్టింది.

“మెత్తని సోపా తెచ్చె మా సుబ్బరామి, ఓ రామా!”

సుబ్బరామి మీసం దువ్వుకున్నాడు. వచ్చింది పాట!

“ఇంట్లోకి కాదంట, గట్టుకే నంట, ఓ రామా!
నడుమిరిగె కూలోళ్ళ కిచ్చినాడంట, ఓ రామా!
తానేమొ గోనెపై కూసుంటాడంట, ఓ రామా!”

సుబ్బరామి మీసం వదిలి, రాయొద్దని సుంకన్నకు చెయ్యి ఊపాడు. సుంకన్న మాత్రం తల ఎత్తకుండా రాస్తున్నాడు. ‘దాత: శ్రీ సుబ్బరామిరెడ్డిగారు. స్వీకర్తలు: నాట్ల కూలీలు.’ అప్పుడే పక్క మడి నుంచి వస్తున్న కోదండరామి ఆగి చప్పట్లు కొట్టాడు.

“భేష్ తమ్ముడా! నా రేడియో ఎంత! ధర్మమంటే నీదప్పా!”

పదిహేనుమందీ బురద కాళ్ళతోనే వంతులవారీగా సోఫా మీద కూర్చున్నారు. స్ప్రింగు కిర్రుమన్నప్పుడల్లా సుబ్బరామి గుండె కిర్రుమంది. వద్దనేదెట్లా? మడి ఉంది, ఎన్నిక ఉంది, ఎదురుగా అన్న ఉన్నాడు!

ఎన్నికలో సుబ్బరామి గెలిచాడు. గెలవడమా! కూలిజనం ఓట్లు ఒక్కటి కూడా పక్కకు పోలేదు. పాట యశ్వంతనగర్ గనుల దాకా పోయి, అక్కడి కూలీలు మాకూ సోఫాలు కావాలన్నారట. ఆఫీసర్లు జీపుల్లో వచ్చి గట్టు మీది సోఫాను చూసి, అక్కడి నుంచి దాతగారి ఇంటికి వచ్చేవారు. సుభద్రమ్మ కుర్చీలన్నీ లోపల పెట్టి తాళం వేసి, వసారాలో గోనెపట్ట పరిచింది.

“పాటలో గోనె అని ఉండాది. వచ్చినోళ్ళకు ఏం చూపించల్ల? కూర్చో!”

మూడు నెలలు గోనె మీద కూర్చున్నాడు అధ్యక్షుడు. నాలుగో నెల ఒక మధ్యాహ్నం, మడిలో ఎవరూ లేని వేళ చూసుకుని గట్టుకు పోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తన సొంత సోఫా మీద మొదటిసారి మెల్లగా కూర్చున్నాడు. ఎంత మెత్తగా ఉంది! ప్రాణం లేచొచ్చి, కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సద్దిమూటలతో ఆడవాళ్ళు. ముందు దుర్గక్క.

“ఏం రెడ్డీ, కూలోళ్ళ సోపా మీద కూర్చోనుండావు? అప్పుడు తిట్టు పాట అడిగితివి, రాలేదంటిని. ఇప్పుడు వస్తాండాది. కట్టల్లనా?”

“వద్దు తల్లీ!” అని సుబ్బరామి ఎగిరి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి, తాను కూర్చున్న చోటు తానే దులిపి, “రా దుర్గక్కా, కూర్చో” అన్నాడు.