మూతలంగడిలో ఎంగేజ్‌మెంట్

గురువారం పొద్దున సుబ్రమణ్యం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీ తినాలి. తొమ్మిదింటికి పుంగనూరు బజారులో తన స్టీలు సామాన్ల అంగడి తెరవాలి. తొమ్మిదింబావుకు ఇంటర్నెట్టులో వ్యాపారానికి పనికొచ్చే ముక్క ఒకటి వెతికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలి. పదింటికల్లా గిరాకీ విరగబడాలి. మొదటి మూడూ రోజూ జరిగేవే. నాలుగోది ఆరు నెలలుగా ప్రణాళికలోనే ఉంది.

సుబ్రమణ్యం ఆ ఊరి ఆవులాగే పొట్టి. ఆ ఆవు పాలలాగే ఆయన నమ్మకం చిక్కన. తెరమీద కనబడిందల్లా నిజమంటాడు, దొరికిన లింకునల్లా బంధువులకు పంపుతాడు. "మీ ఆయనకు దినానికి పది లింకులంట కదమ్మా" అని ఎదురింటామె పరామర్శించినప్పుడు ఆయన భార్య కమలాక్షి రెండు పూటలు పొయ్యి వెలిగించలేదు.

లింకుల తర్వాత లీడ్స్ వచ్చాయి. కోటు వేసుకున్న ఒకాయన వీడియోలో, లీడ్స్ లేనిదే వ్యాపారం లేదన్నాడు. రేపోమాపో కొనడానికి వచ్చే మనుషులను లీడ్స్ అంటారని సుబ్రమణ్యానికి తెలియదు. లిడ్ అంటే మూత అని మాత్రం స్టీలు సామాన్లమ్మేవాడిగా బాగా తెలుసు. మదనపల్లె హోల్‌సేల్ వ్యాపారి వెంకటేశులుకు ఫోన్ చేసి మూడు వందల మూతలు తెప్పించాడు. ఒట్టి మూతలు. కింద గిన్నెల్లేవు.

"గిన్నె లేని మూత ఎవురు కొంటారయ్యా? ఇవి పోకపోతే మూతపడేది అంగడే" అంది కమలాక్షి. బుధవారం సాయంత్రం అన్న చెంగల్రాయుడి గృహప్రవేశానికి కుప్పం బయల్దేరుతూ, బస్సు మెట్టు మీదనుంచి షరతు పెట్టింది. "శుక్రారం నేను తిరిగొచ్చే లోపల నీ ఇంటర్నెట్టు ఒక్క మూతన్నా అమ్మిందా, సరి. లేదంటే ఆ ఫోను నాకిచ్చేసి, నా బటన్ల ఫోను నువ్వు పెట్టుకోవాల."

అంటే సుబ్రమణ్యం చేతిలో మిగిలింది ఒకే ఒక్క రోజు. ఆ ఒక్క రోజున ఆయనకు ఇంటర్నెట్టులో ఒక వ్యాసం దొరికింది. పాత పద్ధతులు వదలండి, ఎంగేజ్‌మెంట్ పెంచండి, జనాన్ని పిలిచి మాట్లాడండి, గిరాకీ దానంతటదే వస్తుంది అని అందులో ఉంది. మాట గంభీరంగా ఉంది. సుబ్రమణ్యం వెంటనే స్టేటస్ కొట్టాడు.

"ఇరవై రెండేండ్లు పాతదాన్నే నమ్ముకుని మోసపోతిని. ఇంక కొత్త దారి. రేపు పొద్దున పదింటికి మన అంగడి ముందర ఎంగేజ్‌మెంట్. అందరూ వచ్చి సహకరించాల."

పాతదంటే పాత పద్ధతి అని ఆయన ఉద్దేశం. పెళ్ళయి కూడా సరిగ్గా ఇరవై రెండేళ్ళే కావడం ఆయన ఖర్మ.

మొదటి ఫోన్ వెంకటేశులు నుంచి వచ్చింది. "ఏమప్పా, నిజమేనా?"

"నిజమేనప్పా. ఇది లేకుండా ఇన్నేండ్లు ఎట్ల బతికినానో."

"ఎవురు వాళ్ళు? ఏ ఊరు?"

"ఊరూ పేరూ అడిగేదేముండాది? ఎవురొచ్చినా సరే. ఒకరితో యాడ సాల్తాది? తక్కువలో తక్కువ యాభై మందన్నా తగులుకోవాల."

వెంకటేశులు గొంతు తగ్గించాడు. "అక్కకు తెలుసునా?"

"చెప్పలేదు. రేపు వస్తాది కదా. కండ్లారా సూస్తే సంతోషపడతాది."

వెంకటేశులు ఫోన్ పెట్టేసి ఒక చెంబు నీళ్ళు తాగాడు. తర్వాత ఆ స్టేటస్‌ను తనకు తెలిసినవాళ్ళందరికీ పంపాడు. మదనపల్లె మార్కెట్ యార్డులో అది టమాటా కంటే వేగంగా చేతులు మారింది, టమాటాలాగే నలిగింది. రామసముద్రం చేరేసరికి పెళ్ళికూతురు టీచరయింది. సోమల చేరేసరికి పెళ్ళికూతుళ్ళు ఇద్దరయ్యారు.

సోమలలో మేళం వాయించే అంజనప్ప వెంటనే ఫోన్ చేసి, ఇంత శుభకార్యం మేళం లేకుండానా అని నిష్ఠూరమాడాడు. జనం పోగవడానికి ఇది కూడా ఒక ఉపాయమనుకున్న సుబ్రమణ్యం, మేళమైతే మరీ మేలు, రమ్మన్నాడు. సన్నాయి ఎన్ని, డోలు ఎన్ని అనే విషయం మీద ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

సరిగ్గా ఆ అరగంటలోనే కుప్పంలో చెంగల్రాయుడు పాయసం గ్లాసు పక్కన పెట్టి, స్టేటస్‌ను చెల్లెలికి చదివి వినిపించాడు. ఆమె బటన్ల ఫోను లాక్కుని బావకు మూడుసార్లు చేశాడు.

"ఎంగేజ్ వస్తాండాదమ్మా."

"రేపు అనె కదన్నా," అంది కమలాక్షి. "అప్పుడే అయిపోయిందా?"

శుక్రవారం సుబ్రమణ్యం యాభైమంది వస్తే చాలనుకున్నాడు. పదింటికి బజారులో ఆటో తిరగడానికి సందు లేదు. అందరి చేతుల్లోనూ అరటిపండ్లు, తమలపాకులు. పిల్ల యాడ అని ఎవరో అడిగితే, పిల్లాజెల్లా అందర్నీ పిల్చుకోని రమ్మన్నాడు. సన్నాయి మోగుతోంది. ఎంగేజ్‌మెంట్ ఇంత పెరుగుతుందని వ్యాసం రాసినవాడు కూడా ఊహించి ఉండడు.

అప్పుడు కుప్పం నుంచి జీపు వచ్చి ఆగింది. చెంగల్రాయుడు చొక్కా చేతులు మడుచుకుంటూ దిగాడు. వెనకనుంచి కమలాక్షి దిగింది. అంజనప్ప ఊదుతున్న ఊపిరిని మధ్యలోనే మింగేశాడు.

"యాడ?" అంది కమలాక్షి.

"ఏంది?"

"ఎంగేజ్‌మెంటు."

సుబ్రమణ్యం రెండు చేతులూ బార్లా చాపి బజారంతా చూపించాడు. "ఇదో, వీళ్ళంతా."

కమలాక్షి అటు చూసి, ఇటు చూసి, ఒకచోట ఆగిపోయింది. "ఆడ మా పెదనాయన గూడా ఉండాడే."

చెంగల్రాయుడు బావ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. తెరమీద ఆ వ్యాసమే ఉంది. ఎంగేజ్‌మెంట్ అంటే కస్టమర్లతో కలివిడిగా ఉండడం అని పైకి చదివాడు. మరోసారి చదివాడు. మడిచిన చేతులు విప్పుకున్నాడు. కమలాక్షి కొంగుతో ముఖం తుడుచుకుని, నవ్వు కూడా తుడుచుకుంది.

జనం మాత్రం నవ్వలేదు. సోమల నుంచి వచ్చినవాళ్ళు తమను దగా చేశారన్నారు. ఇంత దూరం వచ్చి ఒక్క పెళ్ళికూతురన్నా లేకపోతే ఎట్లా అన్నారు. ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతుంటే కమలాక్షి అంగడిలోకి వెళ్ళి ఒక మూత తీసింది. దాన్ని వెల్లకిలా తిప్పి, పెదనాయన చేతిలోని తమలపాకులు, అరటిపండ్లు అందులో సర్ది ఎత్తి చూపింది. మూత పోయి పళ్ళెమయింది. ఆ ఊరి మాటలో తట్ట.

"ఆకూ వక్కా సేతుల్లో పెట్టుకోనేనా పోయేది? తాంబూలం తట్ట తీసుకోండి. అంజనప్పా, నువ్వు వాయించు."

సాయంత్రానికి మూడు వందలూ ఖాళీ. ఆ రోజు అంగడి టర్నోవరంతా అట్లా తిరగేసి వచ్చిందే.

సుబ్రమణ్యం ఛాతీ విరుచుకుని ఫోన్ మీద చెయ్యి వేశాడు. "సూస్తివా, మూడు నూర్లూ పాయ. ఫోను నాదే."

"నేనమ్మింది తట్టలు. నీ ఇంటర్నెట్టు ఒక్క మూతన్నా అమ్మిందా?"

సుబ్రమణ్యం ఫోన్ మీదనుంచి చెయ్యి తీసేశాడు. అమ్మలేదు.

"పాతదాన్ని నమ్ముకుని మోసపోతివంట కదా," అంటూ ఆమె తన బటన్ల ఫోను ఆయన చేతిలో పెట్టింది. "ఇంక ఈ పాతదాన్నే నమ్ముకో."

మరుసటి రోజునుంచి తట్టలు కావాలని మూడు ఊళ్ళనుంచీ కమలాక్షికి ఫోన్లే ఫోన్లు. మధ్యాహ్నానికి ఏం వండావని అడుగుదామని సుబ్రమణ్యం ఎప్పుడు చేసినా, ఎంగేజే.