తీవ్రంగా ఖండించిన వీధి

బెజవాడ చేనేత వీధిలో ఖండనకు నోచుకోని సమస్య ఒక్కటీ లేదని సంక్షేమ సంఘం సగర్వంగా ప్రకటించింది. దినపత్రికలకు జిల్లా ఎడిషన్లు కొత్తగా వచ్చిన రోజులవి. కరెంటు కోతను ఖండించారు. దోమలను ఖండించారు. గన్నవరంలో విమానం ఆలస్యమైతే, వీధిలో విమానం ఎక్కిన మనిషి లేకపోయినా, బాధ్యతగా ఖండించారు. మర్నాడు అధ్యక్షుడు సాంబమూర్తిగారి ఫొటో పడేది. ఆ సమస్య అక్కడితో తీరినట్టే లెక్క.

చౌడేశ్వరమ్మ సమస్య మాత్రం మొండిది. వీధి కాలువ పూడిపోయి, వాన పడితే మురుగంతా వీధిని ముంచి, ఆమె ఇంట్లోకొచ్చి మగ్గం గుంటలో నిలిచేది. కాళ్ళు పెట్టుకుని నేయాల్సిన గుంటలో కప్పలు కాపురం పెట్టాయి. ముందుంది శ్రావణమాసం. చీరలు నేసుకునే అదునంతా నీళ్ళపాలవుతోంది. ఆమె అధ్యక్షుడి గడప తొక్కింది.

"మామూలు ఖండనా, తీవ్రమైందా?" కళ్ళజోడు సవరించుకుంటూ అడిగారాయన.

"ఏదైనా ఒకటేనండి. కాలవ బాగైతే చాలు."

"ఒకటెలా అవుతుందమ్మా! మామూలుదైతే లోపలి పేజీ. తీవ్రమైతే ఫొటో. ముక్తకంఠమైతే షామియానా వెయ్యాలి."

షామియానాయే వేశారు. అధికారుల నిర్లక్ష్యం, వాన, కప్పలు, ఏదీ తప్పించుకోలేదు. పేపరు చదివే అలవాటు లేని కాలువ మాత్రం పూడిక కదల్చలేదు.

ఆదివారం పొద్దున్నే చౌడేశ్వరమ్మ కొంగు బిగించి పార పట్టింది. ఎదురింటి వడ్రంగి రిజ్వాన్ పలుగుతో వచ్చాడు.

"ఏంటి పిన్నిగారూ, మళ్ళీ ఓసారి ఖండించకుండానే తవ్వేస్తున్నారు?"

"వాళ్ళ నోళ్ళు అలిసిపోయాయిరా అబ్బాయ్. మన చేతులు ఖాళీయేగా, పట్టు!"

మధ్యాహ్నానికి మురుగు బుసబుసమంటూ కదిలిపోయింది. తీసిన బురద సాంబమూర్తిగారి ప్రహరీ పక్కన కుప్పపడింది. గుంటలో నీళ్ళు తోడేసి చౌడేశ్వరమ్మ మగ్గంలోకి దిగింది.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"మాటమాత్రం చెప్పకుండా సమస్యను పరిష్కరించడం అప్రజాస్వామికం!" గర్జించారు సాంబమూర్తిగారు. "ఆ కాలువను నమ్ముకుని ఏడాది కార్యక్రమం వేసుకున్నాం. రిలే దీక్షలకు టెంటు కూడా మాట్లాడాం. ఇప్పుడా టెంటువాడికి ఏం సమాధానం చెప్పాలి?"

సభ ఆవేదనతో తలూపింది. చౌడేశ్వరమ్మ దుశ్చర్యను తీవ్రాతితీవ్రంగా, ముక్తకంఠంతో ఖండించింది.

సంఘం చరిత్రలో అంత నిండుగా సభ జరగలేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, వీధి వీధంతా నడిచొచ్చింది. ఎవరి చెప్పులూ తడవలేదు.