సందడి కమిటీ

అమ్మకానికి పెట్టిన కొట్టుకున్నంత గిరాకీ నడుస్తున్న కొట్టుకు ఏనాడూ ఉండదు. ఈ సత్యాన్ని ఆ ఊరి షాపింగ్ కాంప్లెక్స్ ఏకంగా నిబంధనగా రాసుకుంది. అమ్మకానికున్న ఏ కొట్టును చూడ్డానికి ఎవరొచ్చినా, మిగిలిన కొట్లవాళ్లంతా షట్టర్లు దించి అక్కడ కస్టమర్లుగా హాజరు కావాలి. పర్యవేక్షణకు సందడి కమిటీ, దానికో అధ్యక్షుడు. (ఆయనది కళ్లజోళ్ల కొట్టు. అదీ ఏళ్ల తరబడి అమ్మకంలోనే ఉంది కనుక అనుభవజ్ఞుడు.)

పై అంతస్తులో టైలర్ మాస్టారికి మోకాళ్లు అరిగిపోయాయి. ఎస్కలేటర్ ఉందిగానీ, అది కదిలేదాకా మెట్లుగా వాడుకోవాలని నోటీసు అంటించారు. కొట్టు అమ్ముడైతే ఇంటి వరండాలోనే మిషన్ వేసుకుని హాయిగా బతకాలని ఆయన ఆశ. చెప్పుల వ్యాపారి ఒకాయన చూడ్డానికి వస్తున్నాడనగానే కమిటీకి కబురు పెట్టాడు.

అధ్యక్షుడు అందర్నీ పోగుచేసి నియమాలు చెప్పాడు. "బేరమాడాలి, తెగకూడదు. గడియారాల బావగారూ, పోయినసారి మీరు బెంచీ మీద గుర్రుపెట్టారు. కస్టమరెవడైనా నిద్రపోతాడా?"

"మాస్టారు చొక్కా ఇచ్చేసరికి ఎవడికైనా నిద్రొస్తుందండీ," అన్నాడు గడియారాలాయన.

చెప్పుల వ్యాపారి వచ్చేసరికి కొట్లో ఇసకేస్తే రాలడం లేదు. బొమ్మల కొట్టాయన కోటుకు కొలతలిస్తున్నాడు. అధ్యక్షుడు జేబు ఏ వైపుండాలో తేల్చమని గొడవకు దిగాడు. మెడలో టేపుతో అటూ ఇటూ తిరుగుతున్న మాస్టారికి ప్రాణం లేచొచ్చింది, మోకాళ్ల సంగతే మర్చిపోయాడు.

"ఇంత గిరాకీ ఉన్న కొట్టు అమ్ముకోవడం తెలివితక్కువేమోనే," అన్నాడు భార్య చెవిలో.

"మీ గిరాకీ అంతా ఇప్పుడు టీ తాగి వెళ్లిపోతుంది. కాస్త నోరు మూసుకోండి," అందావిడ.

వ్యాపారికి ఒకటే అనుమానం. "మిగతా కొట్లన్నీ మూసున్నాయేంటండీ?"

అందరూ మాస్టారి వైపు తిరిగారు. మాస్టారికి అబద్ధం చేతకాదు. (ఆయన జన్మలో ఆడింది ఒకటే: "రేపు రండి, కుట్టేసి ఉంచుతా.")

"వాళ్లంతా ఇక్కడే ఉన్నారండీ," అన్నాడు.

"సొంత కొట్లు మూసుకుని మరీ వస్తారా మీ దగ్గరికి!" అని ఆ పెద్దమనిషి అక్కడికక్కడే బేరం ఖాయం చేసుకున్నాడు.

తాళాలు చేతులు మారిన రోజే అధ్యక్షుడు వచ్చి కొత్త యజమానిని సందడి కమిటీలో చేర్చుకున్నాడు. మర్నాడు కళ్లజోళ్ల కొట్టు చూడ్డానికి ఎవరో వస్తున్నారట, చూపు ఆనని కస్టమరుగా రమ్మన్నాడు. చెప్పుల వ్యాపారి కాంప్లెక్స్ ఖాళీ వరండాను ఆ చివర్నించి ఈ చివరిదాకా చూశాడు. అప్పటికే మాస్టారు కదలని ఎస్కలేటర్ మీద చివరిసారిగా, ఒక్కో మెట్టే దిగుతున్నాడు.

"మాస్టారూ! మరి నా కొట్టుకి జనం ఎప్పుడొస్తారండీ?"

మాస్టారు రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. అబద్ధం చేతకాని మనిషి.

"అమ్మకానికి పెట్టండి బాబూ, పొద్దున్నే వచ్చేస్తారు."