ఏడిళ్ళ పులుసు

పక్కవీధిలో ఎవరిదో గంజికుండను ఫోటో తీసి మీటింగులో మూడు వందల మందికి చూపించారట. ఆ ఫోటో తీసిన తక్కెడమ్మ ఇవాళ తొండియార్‌పేటలోని ఈ వీధికే వస్తోందట. ఎవరు ఏం తింటారో గిన్నె మూత తీసి, తూచి, రాసుకుపోతుందట. పక్కింటి లక్ష్మీప్రియ ఈ కబురు గడపలోనే పారేసి వెళ్ళిపోయింది. అలమేలు కాఫీ పక్కన పెట్టి వంటింట్లోకి తొంగిచూసింది. ఇంట్లో ఉన్నది చద్దన్నం, రెండు ఉల్లిపాయలు. మనవరాలు మైత్రికి రక్తం తక్కువ, రోజూ గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పి నెలయింది. అది కూడా మీటింగుకెక్కితే ఇంకేమైనా ఉందా?

కొంగు దోపుకొని కాసిమేడు చేపలరేవుకు పోయి వంజరం చేప తెచ్చింది. పదకొండుకల్లా వీధంతా పులుసు వాసన.

వచ్చింది హైమవతి అనే గుంటూరు పిల్ల. పోషకాహార పరిశోధనలో కొత్త ఉద్యోగం. గిన్నె తూచి, ఫోటో తీసుకుంది.

"దేనికమ్మా ఇదంతా?"

"పరిశోధనకండీ." అంతకుమించి చెబితే జనం లేమి నటిస్తారని పై అధికారి శ్రీకుమార్ ముందే హెచ్చరించాడు. "రోజూ చేపేనా పిన్నిగారూ?"

"ఆమా, వారంలో నాలుగు దినాలు. కూచో, రెండు ముద్దలు తిను."

ఆ పిల్ల ముందుగదిలో తింటూండగా పెరటి గుమ్మంలో లక్ష్మీప్రియ తల పెట్టింది. "అక్కా, గిన్నె ఇయ్యి. మా ఇంట్లో చారు గూడా లేదు."

గిన్నె గోడ దాటింది. అక్కడి నుంచి మూడో ఇంటికి, నాలుగో ఇంటికి. ప్రతి ఇంట్లోనూ తూచడం, ఫోటో, ఆ తరువాత రెండు ముద్దలు. తగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు చెంబుడు నీళ్ళు కలిపారు. గిన్నె మీద అలమేలు పేరు అరవంలో చెక్కి ఉంది. హైమవతికి అరవం రాదు. వీళ్ళంతా ఒకే కొట్లో గిన్నెలు కొన్నారనుకుంది. ఏడో ఇంట్లో మిగిలింది తోక ముక్క ఒకటే. తిన్నది అరక్క నిమ్మకాయ సోడా అడిగి తాగి వెళ్ళింది.

పదిహేను రోజులకు శ్రీకుమార్‌ని వెంటబెట్టుకొని వచ్చింది. ఆడవాళ్ళందరూ అలమేలు అరుగు దగ్గర చేరారు.

"మీ వీధి తిండి చాలా బాగుంది" అన్నాడు శ్రీకుమార్. "అందుకే పిల్లలకు దినమూ గుడ్డు, రాగిజావ ఇచ్చే కేంద్రం పక్కవీధిలో పెడుతున్నాం."

అందరూ లక్ష్మీప్రియ వైపు చూశారు. లక్ష్మీప్రియ ఆకాశం వైపు చూసింది. అలమేలు లోపల ఆడుకుంటున్న మైత్రిని చూసింది.

"సార్, ఆ ఫోటోలు ఒకపాలి బాగా చూడండి."

శ్రీకుమార్ ఊరివాడే, అరవం చదివాడు. ఒకటి, రెండు, ఏడు. "ఏందిది, ఏడిళ్ళల్లోనూ అలమేలేనా?"

"గిన్నె నాదే, చేపా నాదే. ఆ దినం నేను తినాల్సింది చద్దన్నం. మిగతా ఆరిళ్ళల్లో అదీ లేదు. రాసుకోండి."

శ్రీకుమార్ కాగితాలు అడ్డంగా కొట్టేశాడు. "మళ్ళీ మొదట్నుంచి తూచాల. కేంద్రం సంగతి ఆ తరవాత."

హైమవతికి ఏడుపొక్కటే తక్కువ. "పిల్లలకి గుడ్డు ఇద్దామని వస్తే, ఇట్లా చేశారేంటి పిన్నిగారూ? నిజం చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పినావా?" అంది అలమేలు.