ఐదు మైళ్ళ ఎడం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: మా ఆయన డ్యూటీలో ఉండగా కునుకు తీస్తాడేమోనని. తక్కిన ఇళ్ళల్లో భర్త ఆఫీసులో నిద్రపోతే దాన్ని విశ్రాంతి అంటారు. మా ఇంట్లో అయితే అది పేపర్లో వస్తుంది.

మా ఆయన పేరు సూరి. విమానాశ్రయంలో ఒక తెర ముందు కూర్చుని, దిగడానికి వచ్చే విమానాలను ఒకదాని వెనక ఒకటి వరసలో పెడతాడు. రెండింటి మధ్య ఎడం ఐదు మైళ్ళకు తగ్గకూడదు. ముందుది భారీదైతే ఇంకా ఎక్కువ ఉండాలి. లారీ దాటిపోయాక మన స్కూటీ ఊగుతుంది చూడండి, పైన గాలికీ అదే గుణం. వెనకవాడు తొందరపడుతుంటే వేగం తగ్గించమనాలి, ముందువాడు మరీ నిదానిస్తుంటే కాసేపు అదే వేగం పట్టమనాలి. కాస్త పక్కకు ఆపుకో అనడానికి ఆకాశంలో రోడ్డు పక్క అంటూ ఉండదు. ఇంటర్ మధ్యలో మానేసిన నాకే ఇదంతా అర్థమైంది కాబట్టి, మా అపార్టుమెంటులోని డిగ్రీలవాళ్ళకు ఎప్పుడో అర్థమై ఉంటుందనుకున్నాను.

డ్యూటీ ఎక్కే ముందు ఆయన ఒక గొట్టంలోకి ఊదాలి. తాగాడో లేదో ఆ యంత్రం చెబుతుంది. నిద్రపోయాడో లేదో చెప్పే యంత్రం ఇంకా రాలేదు గనుక ఆ బాధ్యత నాకు అప్పగించబడింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పగలు ఎనిమిది నుంచి మూడింటి దాకా పడుకుంటాడు. ఆ ఏడు గంటలూ మా మూడేళ్ళ పూజిత గుసగుసగా ఏడుస్తుంది. పద్మారావు నగర్ మొత్తమ్మీద ఇంత క్రమశిక్షణ గల పిల్ల ఇంకొకతె లేదు.

ఒక గురువారం పదకొండింటికి పై అంతస్తు కాంతమణి ఆంటీ బెల్లు మీద వేలు పెట్టి, తీయడం మరిచిపోయారు.

"సూరి ఉన్నడా? జెర లేపు బిడ్డా."

"రాత్రి డ్యూటీ ఆంటీ, పడుకుని ఉన్నారు..."

"నిద్ర యాడికి పోతదే! రేపు మా తమ్ముని బిడ్డను చూస్తందుకు పుణె నుంచి పిల్లగాని తరఫోళ్ళు వస్తున్నరు. విమానం పదీ నలభైకి దిగుతదంట. పదిన్నరకే రాహుకాలం షురూ. రాహుకాలంల కాలు కింద పెడితే సంబంధం ఎట్ల కుదురుతది? జెర ముందుగాల దింపుమను."

ఈలోగా బనీనుతో బయటికొచ్చిన మా ఆయన, "ఆంటీ, ముందు వరసలో ఉన్నవాళ్ళని ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"వాళ్ళకు సుత పెండ్లిచూపులున్నయా?"

లేవని ఆయన ఖాయంగా చెప్పలేకపోయాడు.

"పెద్దోళ్ళొస్తే అందర్నీ ఆపుతరు. మా అసుంటోళ్ళకైతే రూల్సా?" అని ఆవిడ మెట్లెక్కారు.

మర్నాడు వెనకగాలి బాగా తోయడంతో ఆ విమానం పదీ ఇరవైకే దిగింది. ఆ సమయానికి మా ఆయన డ్యూటీలోనే లేడు, మా మంచం మీద ఉన్నాడు. అయినా సంబంధం ఖాయమైంది. గాలికి రావాల్సిన పేరు ఆయనకొచ్చింది.

సోమవారానికి మా మెట్ల మీద జనం బారులు తీరారు. ఒకాయన బేగంపేటలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటానని ముందే లెక్కవేసుకుని, తన మేనేజరు విమానాన్ని ఇరవై నిమిషాలు పైనే తిప్పమన్నారు. ఇంకొకావిడ అత్తగారు వస్తున్నారట, ఇల్లు సర్దుకోవడానికి రెండు చక్కర్లు చాలన్నారు. ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడి, విమానాల మధ్య అంత దూరం దండగ కదా అని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

అపార్టుమెంటు సంఘం అధ్యక్షులు పోలరాజుగారు శ్రీకాకుళం వైపు నుంచి మాలాగే వచ్చి స్థిరపడినవారు. మనవాడి ఘనతను గుర్తించడం తమ కర్తవ్యమని భావించి, మంగళవారం పగలు పదకొండున్నరకు, సరిగ్గా మా పడగ్గది కింద సెల్లారులో, మైకు పెట్టి సన్మానం ఏర్పాటు చేశారు. నిద్రలోంచి లేపి తెచ్చిన మా ఆయనకు శాలువా కప్పి ఇలా సెలవిచ్చారు:

"ఆకాశమార్గములను శాసించు మహనీయుడు మన సెల్లారులో స్కూటరు నిలుపుకొనుట మనమందరమూ చేసుకొన్న పుణ్యము. ఈయన కంటి మీద కునుకు లేకుండా శ్రమించుచున్నాడు. ఆ కునుకు ఇకముందు కూడా రాకుండుగాక!"

చప్పట్లు మోగాయి. మా ఆయన నిలబడే నిద్రపోయాడు. వంగిన తలను వినయమని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు.

నేను ఏడుస్తూ ఫిర్యాదు చేశాను. సంఘం తక్షణమే స్పందించి పగటి నిద్ర పరిరక్షణ ఉపసంఘాన్ని నియమించింది. అప్పటినుంచి అరగంటకొకసారి మైకులో, "సూరిగారు నిద్రించుచున్నారు, ఎవరూ శబ్దం చేయరాదు" అని ప్రకటిస్తున్నారు. ప్రకటన అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి మధ్యాహ్నం పోలరాజుగారే స్వయంగా వచ్చి బెల్లు కొడుతున్నారు.

"పడుకున్నాడేటమ్మా? ఏటీ ఇబ్బంది నేదు కదా?"

"లేదు బాబాయిగారూ."

"అయితే ఓపాలి లేపు, నానే అడుగుతాను."

శనివారం పొద్దున మా ఆయన ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నాడు.

"ఏడు మైళ్ళు ఉందనుకున్నాను భానూ. మళ్ళీ చూసేసరికి ఐదుంపావు."

"మధ్యలో ఎంతసేపు?"

"తెలీదు."

వెనకదాన్ని వేగం తగ్గించమన్నాడట, వాళ్ళు తగ్గించారట. అందులోని నూట ఎనభై మందీ విమానం ఆగకముందే లేచి నిలబడి, ఎప్పటిలాగే పై అరల్లోంచి సంచులు లాక్కున్నారట. ఎడం ఐదుకి తగ్గలేదు కాబట్టి నిబంధనల ప్రకారం ఏమీ జరగలేదు. నిబంధనలు చదువుకోని నేను ఆయన బూట్లు విప్పి, మంచం దాకా నడిపించుకెళ్ళాను.

ఆదివారం ఆయనకు పగటి డ్యూటీ. వంట్లో బాగాలేకపోతే, నిద్ర చాలకపోతే, పనికి తగనని చెప్పుకునే హక్కు ఉందట. ఉన్న హక్కును ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదట. పొద్దున ఆరింటికి నేనే పట్టుబట్టి ఫోన్ చేయించాను. పై అధికారి విష్ణువర్ధన్‌గారు ఎంతో సంతోషించారు.

"మీ నిజాయితీ మన శాఖకే గర్వకారణం సూరిగారూ. మీ గురించి నోటీసు బోర్డులో పెట్టిస్తాను. హాయిగా పడుకోండి."

"నా బదులు ఎవరండీ?"

"మన ఫరూఖ్ ఉన్నాడుగా. రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే బ్యాగు సర్దుకుంటున్నాడు. మళ్ళీ విప్పమంటే సరిపోతుంది."

మా ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. ఫరూఖ్ ఒకే డ్యూటీ పడ్డప్పుడల్లా ఆయనతో పాటే ఆఫీసు వ్యానులో వెళ్ళొచ్చే మనిషి, ఆయన భార్య జన్నత్ నలభై రోజుల బాలింత. నేను అన్నీ గుర్తుంచుకునే, "పడుకోండి" అన్నాను. పడుకున్నాడు.

తొమ్మిదింటికి కాంతమణి ఆంటీ వచ్చారు. ఈసారి తాంబూలాలవాళ్ళట.

"ఇవ్వాళ ఈయన డ్యూటీలో లేరాంటీ, ఫరూఖ్‌గారు చూస్తున్నారు."

"యాడుంటడు?"

చిలకలగూడలో వాళ్ళ సందు చెప్పాను, గేటు రంగు కూడా చెప్పాను. గంటలో మా మెట్లు ఖాళీ అయ్యాయి. నా పెళ్ళయ్యాక మా ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు.

పన్నెండింటికి జన్నత్ ఫోన్ చేసింది.

"అక్కా, ఈయన ఇంకా ఇంటికి రాలే. ఫోన్ సుత కలుస్తలేదు. ఇంటికేమో ఎవలెవలో వచ్చి, విమానం ముందుగాల దింపుమంటున్నరు. బాబు లేచి ఒక్కతీరుగ ఏడుస్తున్నడు. నాకేం సమజైతలేదక్కా. సూరి భాయ్ వచ్చిండా?"

"అవునా? నాకూ ఏమీ తెలీదమ్మా," అన్నాను. పక్కగదిలో మా ఆయన గుర్రు ఫోనులోకి వినిపిస్తుందేమోనని తలుపు చేరవేశాను.

ఇప్పుడు రెండు దాటింది, పగటి డ్యూటీవాళ్ళు దిగే వేళ. ఆయన గాఢనిద్రలో ఉన్నాడు. నా భయం తగ్గిన మాట నిజమే. అది మా ఇల్లు ఖాళీ చేసి చిలకలగూడలో అద్దెకు దిగిందంతే. ఇది చదువుతున్నవారిలో ఎవరైనా అటు వెళుతుంటే ఒక్క సాయం చేయండి. నేనే వెళ్ళేదాన్ని. కానీ వెళితే జన్నత్ నన్ను కూర్చోబెట్టి, పచ్చి ఒంటితోనే లేచి చాయ్ పెడుతుంది. మీరైతే గేటు దగ్గరే నిలబడి అడగొచ్చు. ఫరూఖ్ ఇంటికి చేరాడో లేదో చూసి రండి.